సుగుణ చెక్కిన గరిటె

మరియమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. అయినా ఈ పొద్దు సంతోషం పట్టలేక రాస్తా ఉండాను. పొద్దస్తమానం ఫోన్లో వీడియోలు చూసే మన బిడ్డ సుగుణ, చెక్క గరిటె చేసి నా చేతిలో పెట్టింది.

నాకు నమ్మకం కుదరలేదు. "ఆత్మకూరు అంగట్లో కొన్నావా?" అన్నాను.

"నేనే చెక్కినా నాయనా."

వెనక్కి తిప్పి చూసినాను, రేటు చీటీ లేదు. అయినా అనుమానమే. "అయితే నా ముందర ఇంకోటి చెక్కు" అన్నాను.

నువ్వు గరిటెలు చెక్కిన ఉలే తీసుకొని, నీలాగే చెక్కను కాలివేళ్లతో అదిమి పట్టి కూర్చుంది. వంకర పోయినప్పుడల్లా తనను తానే తిట్టుకుంటా మళ్లీ చెక్కింది. చూసేదానికి నా రెండు కళ్లూ చాల్లేదు మరియమ్మా.

ఇంతలో దాని ఫోన్ మోగింది. ఇంక లేస్తుందిలే అనుకున్నాను.

తలెత్తకుండానే, "నువ్వే ఎత్తు నాయనా, చేతిలో పని ఉండాది" అనింది.