లాంచీ అడుగు పలకలు

చిట్టితల్లికి నాన్న దీవెనలు.

ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం, నా మోకాలు ఒక్కటే మాట వినడం లేదు. నీ ఉత్తరం మీ అమ్మ నాచేత రెండుసార్లు చదివించుకుంది.

"ఫైబరు పడవలు పుచ్చవు కదా, ఇంకా టేకు టేకు అంటావేంటి నాన్నా" అని అడిగావు. మీ ఫ్యాక్టరీ పడవల్ని తక్కువ చేయను. కానీ టేకు ఒంట్లోనే నూనె ఉంటుంది తల్లీ. చెదను దరి చేరనివ్వదు, తనలో దిగిన ఇనుప మేకును కూడా తొందరగా తుప్పు పట్టనివ్వదు. ఒకప్పుడు ఓడలు కట్టేవాళ్లు ఈ చెక్క కోసం సముద్రాలు దాటి వచ్చేవాళ్లు. చెట్టు బాగా చేవదేరాలంటే అరవై ఏళ్లు పడుతుంది. నాటినవాళ్లలో చాలామంది దాని పలకను చూడనే చూడరు.

నువ్వు బడికి వెళ్లిన మన రేవు లాంచీని విరిచేస్తున్నారని విని బాధపడ్డావు. విరవలేదు. తొంభై ఏళ్ల ఆ లాంచీ పోయిన వారమే మళ్లీ నీళ్లలోకి దిగింది.

నీకు చెప్పని మాట ఒకటుంది. అడుగంతా పుచ్చిపోయిందని రేవు అధికారికి రాసిచ్చింది నేనే. దాన్ని గట్టుమీదికి లాగి పెట్టారు. మోకాలి నొప్పితో కిందికి దూరలేక, పక్క పలకలకు పట్టిన నల్లటి నాచు చూసి సంతకం పెట్టేశాను. ఇంటికొచ్చి చెబితే మీ అమ్మ ఒక్కటే అడిగింది.

"కిందికి దూరి చూశారా?"

"చూడక్కర్లేదు. నలభై ఏళ్లుగా చేస్తున్న పనే."

"అయితే చూడలేదన్నమాట."

మర్నాడు పొద్దున్నే పాక్కుంటూ కిందికి దూరాను. నాచు గీకి ఒక్కసారి చిత్రిక పట్టాను. తేనె రంగు పలక బయటపడింది, కొత్త తోలులాంటి ఆ వాసనతో సహా. ఒక మేకు పీకితే, దాని తలమీద సుత్తి దెబ్బల గుర్తులు ఇంకా ఉన్నాయి. పుచ్చినవి మూడే పలకలు. అవి టేకు కావు, తర్వాతెవరో అతికించిన చవక చెక్క.

నేరుగా రేవు అధికారి దగ్గరికి వెళ్లి, "నా సంతకం తప్పండీ. చూడకుండా పెట్టాను" అన్నాను. ఆయన వచ్చి స్వయంగా గోటితో గిల్లి చూసి, నాతో రెండో కాగితం రాయించుకున్నాడు. మూడు పలకలూ నేనే మార్చాను, టేకుతోనే.

మొదటి కాగితం చింపబోతూ, "ఇది ఉంటే మీకే చెడ్డపేరు మేస్త్రీగారూ" అన్నాడు.

"ఉండనివ్వండి. నా తర్వాత వచ్చే మేస్త్రీ రెండూ చదువుకోవాలి."

రెండూ ఫైల్లో ఉన్నాయి. ఎన్నో పడవలు కట్టాను గానీ, అంత తలెత్తుకుని ఇంటికి నడిచింది ఆ రోజే.

ఇట్లు,
మీ అమ్మ పక్కన కూర్చుని రాస్తున్న
నాన్న