దగ్గు వినగానే బ్రేక్

బుధవారం, 1983 అక్టోబరు 12. క్యారీ, అమెరికా.

డ్రైవింగ్ టెస్ట్ మూడోసారి కూడా పోయింది. నా మీద నాకే ఒళ్ళు మండిపోతోంది. సిగ్నల్ పచ్చగానే ఉంది, ఎదురుగా ఎవరూ లేరు, అయినా నడిరోడ్డు మీద బ్రేక్ తొక్కేశాను. వెనక కారు గుద్దబోయి ఆగింది. టెస్ట్ పెట్టే పెద్దాయన ఒళ్ళోంచి ప్యాడ్ జారి కింద పడింది.

"ఎందుకు ఆపారు?" అన్నాడు.

"మీరు దగ్గారు కదా" అన్నాను.

ప్యాడ్ తీసుకుంటూ, "నాకు జలుబు చేసింది, మేడమ్" అన్నాడు.

ఆరు నెలలుగా ప్రతి ఆదివారం మా ఆయనే నేర్పుతున్నారు. తిట్టబోయే ముందు ఒక్కసారి పొడిగా దగ్గుతారు. అది వినపడగానే కాలు బ్రేక్ మీదకి పోవడం నాకు అలవాటైపోయింది. రోడ్డు చూడమంటారు గానీ, నా ధ్యాసంతా పక్క సీటు మీదే. ఎర్రలైటు కనపడకపోయినా, ఆయన ఊపిరి బిగబట్టడం మాత్రం తెలిసిపోతుంది.

సోమవారంలోపు లైసెన్స్ చూపిస్తేనే లైబ్రరీలో ఉద్యోగం అన్నారు. ఇక అదీ పోయినట్టే. సాయంత్రం మా ఆయనకి చెప్తే, "నీకు కాన్సన్‌ట్రేషన్ లేదు. అంత భయపడితే డ్రైవింగ్ ఎలా వస్తుంది?" అన్నారు. ఆ భయం ఎవరు నేర్పారో చెబుదామని నోటిదాకా వచ్చింది. చారు వడ్డించాను.

ఒక గుటక వేసి దగ్గారు. చారులో మిరియాలు ఎక్కువయ్యాయి, అంతే.

నా కుడికాలు మాత్రం వంటింటి నేలని గట్టిగా తొక్కేసింది.