మార్క్ టూ మీద చెయ్యి వేసిన మనిషి

తాతా, ఎట్టున్నావు?

నువ్వు పోయి రేపటికి ఏడాది. అవ్వ వరండాలో కూర్చుని రేపటి సంవత్సరీకానికి అరిటాకులు తుడుస్తోంది. పోర్టుకి పోయే లారీలు మన షెడ్డు ముందు దుమ్ము లేపుకుంటూ పోతూనే ఉన్నాయి. షెడ్డుకి మాత్రం తాళం ఉంది...

నీకో సంగతి చెప్పాలి. నీకు తెలిసిందే. నాకు తెలిసిందని నీకు తెలియాలి కదా, అందుకని రాస్తున్నాను.

మన ఇంటి పాత ఫోటోలన్నీ ఒక ఆల్బంలో అంటించాను, రేపు వచ్చే చుట్టాలకి చూపించాలని. మెకానిక్ ఇల్లు గదా, కారు లేని ఫోటో తక్కువ. రిపేరుకి వచ్చిన బండి ఏదో ఒకటి షెడ్డులో ఉండేది. పెళ్ళయినా, పుట్టువెంట్రుకలైనా అందరూ దాన్ని ఆనుకుని నిలబడి ఫోటో దిగేవాళ్ళు. ఆ ఓనర్లకి తెలిస్తే ఏమనేవాళ్ళో!

ప్రతి ఫోటో కింద మనుషుల పేర్లు, బండి పేరు రాశాను. డిగ్రీలో తెలుగు తీసుకున్నప్పటి నుంచి నాకిదో పిచ్చి. దేనికైనా దాని సరైన మాట దొరికేదాకా కుదురు ఉండదు. బండ్ల విషయంలో ఆ పిచ్చి అంటించింది నువ్వే. చిన్నప్పుడు ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఇవే ఫోటోలు చూపించేవాడివి. "మనుషుల్ని తర్వాత చూద్దువులే అమ్మాయ్. ముందు బండి మొహం చూడు. రెండు కళ్ళ మధ్యన ఏముందో చూడు. అది అబద్ధం చెప్పదు."

సగం మడ్‌గార్డు కనపడితే చాలు, మోడల్ చెప్పేసేవాడివి.

ఒక్క ఫోటోకి తప్ప.

హాల్లో వేలాడే మీ నాయన ఫోటో. స్టూడియో వాళ్ళు రంగులతో దిద్దిన నల్ల కోటు, ఒత్తు మీసం, ఓ కారు బానెట్ మీద కుడి చెయ్యి. అది అంబాసిడర్ కన్నా ముందొచ్చిన ల్యాండ్‌మాస్టర్ అని నాన్న అనేవాడు. నిన్ను అడిగితే, "ఏదో పాత బండిలేమ్మా. పో, అవ్వనడిగి టీ తే" అనేవాడివి. ఎన్నిసార్లు అడిగాను? ఎన్ని టీలు తెచ్చాను?

పది రోజుల కింద ఆ ఫోటో దించి, అద్దం తడిగుడ్డతో తుడిచాను. దీపాల మధ్యన చిన్న చిన్న గళ్ళు కనిపించాయి. ఆల్బంలో అత్త పెళ్ళి ఫోటోలో ఉన్న కారుకీ అవే గళ్ళు. "దోమతెర మాదిరి ఉంటే మార్క్ టూ అంబాసిడరే" అని ఆ ఫోటో చూపిస్తూ నువ్వే చెప్పావు. నాకెంత సంతోషమో! నువ్వు చెప్పలేని బండిని నేను కనిపెట్టాననుకున్నాను.

ఆ బండి ఎప్పటిదో వెతికి, వేళ్ళ మీద లెక్క వేశాను. మీ నాయన జ్వరం వచ్చి పోయినప్పుడు నీకు మూడేళ్ళు. మార్క్ టూ వచ్చేసరికి నీకు తొమ్మిది దాటాయి.

పోయిన మనిషి ఆ బండి మీద చెయ్యి ఎట్టా వేస్తాడు తాతా?

నేనే తప్పు చూశానేమోనని మళ్ళీ చూశాను. మళ్ళీ మళ్ళీ చూశాను. అప్పుడు తట్టింది. సగం మడ్‌గార్డు చూసి మోడల్ చెప్పే మనిషి, యాభై ఏళ్ళు ఆ ఫోటో కిందే కూర్చుని అన్నం తిన్నాడు. నీకు తెలియకుండా ఎట్టా ఉంటుంది?

అవ్వని అడిగాను. రొయ్యలు ఒలుస్తోంది. తల ఎత్తలేదు. పెళ్ళయిన రెండో ఏడు నువ్వు చెప్పావంట.

బడిలో పిల్లకాయలు, మీ నాయన మొహం ఎట్టా ఉంటుందో కూడా నీకు తెలియదని ఎగతాళి చేశారంట. నువ్వు ఇంటికొచ్చి అన్నం మానేశావంట. నిన్ను సాకిన మీ మేనమామ అప్పుడు బుచ్చిరెడ్డిపాలెంలో ఓ ఆసామి దగ్గర డ్రైవరు. తను తోలే బండి పక్కన దిగిన సొంత ఫోటో నెల్లూరు స్టూడియోకి తీసుకుపోయి, మొహం గుర్తు పట్టకుండా దిద్దించి, లేని మీసం పెట్టించి, కోటు తొడిగించి, పటం కట్టించి తెచ్చాడంట. ఇదే మీ నాయన అని నీ చేతిలో పెట్టాడంట. మీ అమ్మ ఆ పటాన్ని చూసి, తమ్ముణ్ణి చూసి, వంటింట్లోకి పోయిందంట.

ఆ ఏడు తద్దినానికి నువ్వు దండ అడిగితే... నీ మాటల్నే అవ్వ అప్పజెప్పింది. "బతికుండగానే తన పటానికి తనే దండేసినాడు మామ. నేను చూస్తా ఉండానని దండం కూడా పెట్టినాడు."

షెడ్డులో పని నేర్చుకున్నాక, ఆ గళ్ళు చూసి నీకు అర్థమైందంట. మామకి మాత్రం చెప్పలేదు. "ఆయన ఇచ్చిన నాయన్ని ఆయనకే ఎట్టా తిరిగిచ్చేది?" అన్నావంట.

తాతా, నువ్వు దాచిన దాన్ని నేను బయట పెట్టొచ్చా? పది రోజులు ఇదే ఆలోచన. చెప్తే నాన్నకి వాళ్ళ తాత మొహం పోతుంది. చెప్పకపోతే, పెళ్ళీ పిల్లలూ లేకుండా నిన్నే పెంచుకున్న ఆ మనిషిని తలుచుకునేవాళ్ళు ఇక ఎవరూ ఉండరు. నీతోనే ఆయనా పోతాడు...

ఈ పొద్దున నాన్నకి చెప్పేశాను.

నాన్నకి కోపం వచ్చింది. ఇన్నేళ్ళు ఎవరికి మొక్కినట్టని అరిచాడు. తర్వాత చొక్కా వేసుకుని పంతులుగారి దగ్గరికి పోయాడు. మేనమామకి కూడా తర్పణం వదలొచ్చని ఆయన చెప్పారంట. పేరేమిటని అడిగారంట.

నాన్న తిరిగొచ్చి అవ్వని అడిగాడు. అవ్వకి తెలియదు. ఆమె కాపురానికి వచ్చేసరికే మామ లేడు. నువ్వు మామ అనేవాడివి, మీ అమ్మ తమ్ముడనేది, ఊరంతా డ్రైవరనేది. అత్తకి ఫోన్ చేశాం. ఆమెకీ తెలియదు. నీ ట్రంకుపెట్టె కూడా వెతికాను తాతా. ఎక్కడా లేదు.

ఆయన పేరేంది? ఒక్కసారి కూడా ఎందుకు అనలేదు నువ్వు?

పేరు తెలియకపోతే వరస చెప్పినా చాలన్నారు పంతులుగారు. వరస... ఎంత మంచి మాట! మంచి మాటలు రాసుకునే నా నోటు పుస్తకంలో ఇన్నాళ్ళూ దీన్ని రాసుకోలేదు. రేపు నీ పేరు చెప్పాక, నాన్న "మా నాయన మేనమామ" అని నీళ్ళు వదులుతాడు. పటం హాల్లోనే ఉంటుంది. ఉండనిమ్మని నాన్నే అన్నాడు.

ఆ పటాన్ని ఫోనుతో ఫోటో తీసి ఆల్బంలో అంటించి, కింద బండి పేరు రాశాను. మనిషి పేరు దగ్గర చోటు వదిలాను. వచ్చే ఆదివారం నాన్నా నేనూ బుచ్చికి పోతున్నాం. ఆ ఆసామి ఇంటివాళ్ళు ఉన్నారో లేరో తెలియదు. రైసుమిల్లుల దగ్గర ముసలి డ్రైవర్లు ఎవరైనా ఉంటారు కదా, వాళ్ళని అడుగుతాం. ఒక్క ఆదివారంతో తేలకపోతే ఇంకో ఆదివారం పోతాం.

పేరు దొరికిన రోజు, ముందు నీకే చెప్తాను.

నీ మనవరాలు
సుభాషిణి