రమణ పెట్టని సంతకం

ఆదిత్యపూర్, జంషెడ్‌పూర్

అక్కకి నీ తమ్ముడు సింహాచలం నమస్కరించి రాస్తున్నాను. ఇక్కడ మేమంతా బాగున్నాం. నీ మోకాళ్ల నొప్పులు తగ్గాయా? బావ మందులు మానకుండా వేసుకుంటున్నారా? ఫోన్లో నీకు సగమే వినిపిస్తుంది, మిగతా సగం దిగులుతో ఊహించుకుంటావు. అందుకే ఈ ఉత్తరం. ముందే చెబుతున్నాను, మన చిన్నతమ్ముడు రమణ జైలు నుంచి బయటికొచ్చాడు. ఇక నెమ్మదిగా చదువు.

ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. లేత్ మిషన్ దగ్గర నిలబడితే చొక్కా పిండుకోవాల్సిందే. కారఖానాలో అందరిదీ హిందీయే. వచ్చిన కొత్తలో మాట్లాడే మనిషి లేక బెంగపడ్డాను. రమణ పనిచేసే ఓడలో దొంగ డీజిల్ దొరికిందని ఆఫ్రికా రేవులో ఆ ఓడ పనివాళ్లందర్నీ పట్టుకున్నప్పుడు మాత్రం వీళ్లే నాకు తోడయ్యారు. ఫోర్‌మన్ మిశ్రాజీ నాతో ఎంపీ ఆఫీసుకి వచ్చి అర్జీ రాసిపెట్టాడు. అది ఢిల్లీకి, అక్కణ్ణుంచి ఆఫ్రికాలో ఉన్న మన ఎంబసీకి వెళ్లింది.

ఎంబసీ మేడమ్ ఒకావిడ జైలుకెళ్లి రమణను చూసింది. చిక్కాడు గానీ ఆరోగ్యంగానే ఉన్నాడని నాకు ఫోన్ చేసింది. నేరం ఒప్పుకుని అందరూ సంతకాలు పెడితే వదిలేస్తామని అక్కడివాళ్లు అంటున్నారట. తక్కినవాళ్లు సరేనన్నారు. రమణ ఒక్కడే కుదరదన్నాడు. వాడి మూలాన అందరూ ఆగిపోయారని, నన్ను నచ్చజెప్పమని అడిగింది.

మేడమ్ వీడియో కాల్లో వాడి మొహం చూపించింది. సంతకం ఎట్టీరా, ఇంటికొచ్చీ అన్నాను.

“నాను సెయ్యని పనికి సేసేనని ఎలగెడతానన్నియ్యా?” అన్నాడు. గొంతు పెంచలేదు.

“అయితే ఎట్టకు” అన్నాను.

ఫోన్ పెట్టేశాక, వాణ్ని నేనే జైల్లో ఉంచేశానా అని భయపడ్డాను. మేడమ్ మాత్రం విసుక్కోలేదు. అధికారుల దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లింది. ఓడలో పనిచేశాం, ఆ డీజిల్ సంగతి మాకు తెలియదు అని రాయించుకోమని పట్టుబట్టింది. వారాల తరబడి కాదన్నారు. ఆఖరికి ఒప్పుకున్నారు. ఆ కాగితం మీద రమణతో సహా అందరూ సంతకం పెట్టి బయటికొచ్చారు. అన్నాళ్లూ వాడితో మాట్లాడని వాళ్లు కూడా వచ్చి చెయ్యి పట్టుకున్నారట.

ఇప్పుడు రేవు దగ్గర ఏదో హాస్టల్లో ఉంచారు. ప్రయాణం కాగితాలు రావాలి. ఎవరైనా ఇటొస్తే కాసిని ఎండు నెత్తళ్లు పంపు, ఇక్కడ దొరికేవి ఏటి చేపలూ చెరువు చేపలూనే.

వాడు ముందు నీ దగ్గరికే వస్తానంటున్నాడు. ఊళ్లోవాళ్లు ఏటి సేసేవని అడక్క మానరు. నువ్వు మాత్రం అడగకు. జైలు మాట వాడే ఎత్తేదాకా ఆగు. నిన్న ఆ హాస్టల్ నుంచి ఫోన్లో నాతో ఒక్కటే చెప్పాడు.

“గదికి లోపల్నించి గడియుందన్నియ్యా.”

బావకి, వీధిలో పెద్దలందరికీ నా దండాలు చెప్పు. నీ దీవెన మా ఇద్దరికీ కావాలి.

నీ తమ్ముడు,
సింహాచలం