బండి మీద మగ్గం

నవాగామ్, సూరత్

అంబదాస్ బావగారికి, మరదలు ప్రమీల దండాలు.

పక్క వీధిలో ఉంటూ ఈ ఉత్తరం ఏమిటని మీకు కోపం రావచ్చు. రానివ్వండి. కోడలిగా వచ్చిన నాటి నుంచి కొంగు తల మీదికి లాక్కుని, తలుపు వెనక నిలబడే మీకు జవాబు చెప్పాను. మొగుడికి అన్న, ఎదుట నోరెత్తకూడదన్నారు. ఎత్తలేదు. కాగితానికి ఆ మర్యాదలేవీ లేవు కదా, అందుకని దీని మీద అరుస్తున్నాను.

దేవుడి బట్టను ఎవడి భుజాల మీద కప్పారు మీరు?

జంధ్యాల పౌర్ణమినాడు బండి మీద మగ్గం బిగించి, గుడి దగ్గర మొదటి పోగు వేసి, ఊరేగింపు తిరిగి గుడికి చేరేలోపు బట్ట నేసి మార్కండేయ స్వామికి కట్టడం మామగారి కాలం నుంచి ఈ సూరత్‌లో మనం చేస్తున్నదే. బండి మీద నేసేది మా ఆయన. ఉపవాసం ఉండి నూలు కండెలు చుట్టేది నేను. ఏడాదంతా ఖటోదరాలో సేఠ్ సాంచాల మీద, ఆ మరమగ్గాల మోతలో ఎవరెవరికో చీరలు నేసే మనిషి, ఆ ఒక్కరోజు దేవుడికి నేస్తాడు. ఆ రోజు ఆయన మొహం చూడాలి మీరు.

ఈ ఏడు మీరు పర్యాటకం ఆఫీసు నుంచి నిధి తెచ్చారు. ఊరి గొప్పలు బయటివాళ్లకు చూపించడానికి పెట్టిన డబ్బట. మంచిదే అనుకున్నాం. బండికి బదులు ట్రక్కు వచ్చింది, లైట్లు వచ్చాయి, తలల మీద ఎగిరే కెమెరా వచ్చింది. బ్యానర్ మీద స్వామి బొమ్మ కంటే నిధి ఇచ్చినవాళ్ల మొహాలే పెద్దవి. నోరు మూసుకున్నాను. గుడి దారి వదిలేసి తాపీ నది ఒడ్డున వేసిన స్టేజీ దగ్గరికి బండిని మళ్లించారు. అప్పుడూ మూసుకున్నాను.

కండెల బుట్ట పట్టుకుని ట్రక్కు వెనక నడుస్తున్న నాకు జనంలో ఏమీ కనబడలేదు. మగ్గం చప్పుడు ఆగింది. మైకులో మీ గొంతు, "మన పద్మశాలీల తరఫున సన్మానం" అని. ఎగిరి చూస్తే ముఖ్య అతిథిగా వచ్చిన ఆ ఆఫీసు పెద్దాయన భుజాల మీద మన బట్ట. స్వామి బట్ట! ఇంకా సగం కూడా నేయకముందే కోసేశారు! ఫొటో అయ్యాక ఆయన దాన్ని తీసి పక్కవాడి చేతిలో పడేశాడు. పక్కవాడు దాంతో చెమట తుడుచుకున్నాడు. నా కళ్లతో చూశాను బావగారూ.

స్వామి ఒంటి మీద ఇవాళ్టికీ నిరుటి బట్టే ఉంది. మీకు సిగ్గనిపించలేదా? శాలువా కావాలంటే బజారులో దొరకదా? సూరత్‌లో బట్టకు కరువా? మా ఆయన్ని అడిగితే "పోనియ్యే ప్రమీలా, అయిందేదో అయిపాయె" అంటాడు. నేను పోనివ్వను. మగ్గాన్ని ట్రక్కు మీంచి దింపించి మా ముందుగదిలో పెట్టించాను. ఆదివారం ఆ ఆఫీసువాళ్లు మీ ఇంటికి వస్తారట కదా, ఇదే ఆటను నెలనెలా ఆడించడానికి. మగ్గం లేదని చెప్పండి. నేసేవాడూ లేడు, కండెలు చుట్టేదీ లేదు.

మీ మరదలు
ప్రమీల

*

ప్రమీలా,

నీ ఉత్తరం చదివాను. మీ అక్కకు కూడా చూపించలేదు. ఈ ఊళ్లో పుట్టి పెరిగిన మన పిల్లల్ని ఇంకా "మద్రాసీ" అంటుంటే, మేమూ ఇక్కడివాళ్లమే అని ఒక్కసారి పెద్ద రోడ్డు మీద చూపించాలని ఆ నిధి కోసం చెప్పులరిగేలా తిరిగాను. అందుకు నాకేమీ సిగ్గు లేదు.

కానీ ఆ బట్ట నేను కోయలేదు. కోయమనీ అనలేదు. నా చేతిలో పూలదండ ఉంది, సన్మానమన్నది ఆ దండ వేయడానికే. నీ మొగుడు పరుశురామే కత్తెర తీసి కోశాడు. తనే దిగి వెళ్లి కప్పాడు. "ఏయ్, ఏం జేస్తున్నవ్‌రా, ఆగు!" అని అరిచాను కూడా.

ఆ నిధితోనే బట్టల మ్యూజియం ఒకటి పెడుతున్నారు. వచ్చినవాళ్లకు చేమగ్గం నేసి చూపించే మనిషి కావాలట. ఆ పెద్దాయన ఊ అంటే ఆ కొలువు మనకొస్తుంది. తమ్ముడికి చెవులు పోతున్నాయి ప్రమీలా. సాంచాల మోతలో ఇంకొన్నాళ్లు ఉంటే ఆ ఉన్నదీ ఉండదని డాక్టర్ చెప్పాడు. ఆస్పత్రికి తీసుకెళ్లింది నేనే. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. ఇవాళ నీవల్ల ఆ ఒట్టు తప్పాను. ఇక తిట్టాలనుకుంటే మనిషి నీ ఇంట్లోనే ఉన్నాడు, తిట్టుకో.

అంబదాస్

*

బావగారికి,

ఎదురుగా కూర్చోబెట్టి అడిగాను. దాచకుండా చెప్పాడు, "నేనే కోసిన. ఆ మోతల ఇంక నాతోని కాదే. గా సాబు దయ తలిస్తే సప్పుడు లేని కాడ కూసుంటననుకున్న. దేవుడు మనోడే గదా, ఒక్క ఏడు ఓర్సుకుంటడనుకున్న."

మనవాడు గనుక దేవుడు ఓర్చుకోవాలి! నాకు ఒళ్లు మండిపోయింది. ఈ చెవుల సంగతి నాకు చెప్పకుండా మీకు చెప్పినందుకు ఇంకా మండింది. మాట్లాడకుండా వెళ్లి మగ్గం మీద కూర్చున్నాను. పడుగు ఇంకా మిగిలే ఉంది. పుట్టింట్లో నేర్చిన పని, చేతులు మరిచిపోలేదు. ఆయన గడపలో నాకు వీపు పెట్టి కూర్చున్నాడు. దేవుడి పడుగు మీద ఆడది కూర్చుంటే ఏమంటాడో అననీ అని, కావాలనే గట్టిగా గుద్దుతూ నేశాను. ఆయన తిరిగి చూడలేదు. పొగరనుకున్నాను. "ఏమయ్యా" అని పిలిచాను. మళ్లీ పిలిచాను. పక్కింటివాళ్లు వచ్చి తొంగి చూశారు. ఆయన మాత్రం వీధిలోకి చూస్తూ బీడీ కాల్చుకుంటున్నాడు.

మగ్గం చప్పుడు మా ఆయనకు వినబడలేదు బావగారూ. అదే గదిలో ఉండి వినబడలేదు. పిలిస్తే పలకడని ఇన్నాళ్లూ తిట్టిపోశానే, ఆ తిట్లయినా విన్నాడో లేదో. మగ్గం మీదే కూర్చుని ఏడ్చాను. అదీ ఆయనకు తెలియలేదు.

బట్ట పొట్టిగానే వచ్చింది. తెల్లారి గుడికి తీసుకెళ్లాను. పూజారి లింగమూర్తి "ఎవలు నేసిన్రు?" అన్నాడు. నేనే అన్నాను. పూజారి బట్ట అందుకుని స్వామి నడుముకు చుట్టాడు. మోకాళ్ల దాకా కూడా రాలేదు.

మీ మీద నా కోపం కొంత తగ్గింది. ఆ నిధి ఇచ్చినవాళ్ల మీద పెరిగింది. ఆ చెవుడు ఆయన పుట్టుకతో తెచ్చుకున్నది కాదు, ఈ ఊరికి బట్ట నేసి తెచ్చుకున్నది. ఊరి గొప్ప అని చూపించుకోవడానికి డబ్బుంది. ఆ గొప్పను నేసినవాడికి చప్పుడు లేని చోట ఒక పీట వేయడానికి మాత్రం దేవుడి బట్ట లంచం పెట్టాలా?

వచ్చే ఏడు జంధ్యాల పౌర్ణమికి బండి మీద నేనే నేస్తాను. ఆయన్ని ఎక్కనివ్వను, ఆ మాట ఆయనకూ చెప్పేశాను. ఊరేగింపు గుడికి తప్ప ఇంకెక్కడికీ పోదు. ఆదివారం ఆఫీసువాళ్లు వస్తే ముందు ఇది చెప్పండి. చెప్పాక మీ తమ్ముడికి ఆ కొలువు అడగండి. బతిమాలొద్దు, మనకు రావలసింది అడిగినట్టు అడగండి. ఆయన్ని పక్కనే కూర్చోబెట్టుకుని, ఆయనకు కూడా వినబడేంత గట్టిగా అడగండి.

ప్రమీల