తెక్లా దిగలేదు

మార్చి 4, మంగళవారం

ఇవాళ మనుషుల గోపురం ప్రాక్టీస్ అయ్యాక అసుంతా అందరికీ తలా ఒక రోలర్ పంచింది. ఫోమ్‌తో చేసిన దుంగ. నారింజ రంగు, ఒళ్ళంతా బుడిపెలు. నేల మీద పెట్టి, దాని మీద మనం పడుకుని, ముందుకీ వెనక్కీ దొర్లాలట. పట్టేసిన కండరాలు వదులవుతాయట. మగీ నవ్వాడు. మా కాలంలో ఒక గ్లాసు వైన్ తాగి పడుకుంటే తెల్లారేసరికి అన్నీ అవే వదులయ్యేవి, మీకేమో పిండి వత్తే కర్రలు కావలసొచ్చాయి అన్నాడు. మీ కాలం వాళ్ళలో ఒక్కరికైనా ఇప్పుడు నడుమంటూ ఉందా మగీ, అంది అసుంతా. ఆవిడ ఫిజియో, ఆయన జట్టు పెద్ద. ఇద్దరికీ క్షణం పడదు.

ఎముక మీద దొర్లకూడదు, మెడ జోలికి పోకూడదు. నొప్పి తగిలినచోట ఆగి ఊపిరి వదలాలి, అక్కణ్ణించి పారిపోకూడదు. ఇది మాత్రం రెండుసార్లు చెప్పింది, నావైపే చూస్తూ.

నాకు రెండు భుజాలూ పట్టేశాయి. మెడకీ భుజానికీ మధ్య ఇటొకటి అటొకటి గట్టిగా కాయలు కట్టాయి. బస్సు మలుపు తిప్పేటప్పుడు కుడి అద్దంలోకి చూడాలంటే ప్రాణం పోతోంది. స్కూలు పిల్లల బస్సు అది, చూడకుండా తిప్పడానికి లేదు.

మార్చి 7, శుక్రవారం

గిసెలా మొదటిసారి నా మీద ఎక్కింది. ఆసుపత్రిలో నర్సు, చిన్నపిల్లే కానీ పిరికిది కాదు. మా గోపురంలో నాది రెండో అంతస్తు. కింద పెద్ద గుంపు, గుంపు నడుమ మోసేవాళ్ళు, వాళ్ళ భుజాల మీద మేం నలుగురం, మా భుజాల మీద ఇంకో నలుగురు, అలా పైపైకి, చిట్టచివర చెయ్యెత్తే పసిపిల్ల. పదేళ్ళుగా నా భుజాల మీద నిలబడింది మా చెల్లెలు తెక్లా. జనవరిలో తర్రగోనా రోడ్డు మీద దాని స్కూటర్ లారీ కిందికి పోయింది. ఆ చోటు ఇప్పుడు గిసెలాకి ఇచ్చారు.

చొక్కా జారకుండా కాలర్ పళ్ళతో కరిచి పట్టుకున్నాను. మామూలే. గిసెలా నా నడుముకి బిగించి చుట్టిన నడికట్టు మడతలో కాలు పెట్టి పైకి లేచింది. రెండు కాళ్ళూ భుజాల మీద ఆనించబోయి తడబడింది. మళ్ళీ సర్దుకుంది. మళ్ళీ తడబడింది.

దిగాక పక్కకి పిలిచి, అక్కా, నీ భుజాలు ఎప్పుడూ ఇంతేనా అని అడిగింది. ఇంతే అంటే ఏమిటన్నాను. జాగా లేదంది. కాలు పెట్టేచోట ముందే ఎవరిదో కాలు ఉన్నట్టుందంది. అనేసి నాలిక కరుచుకుంది.

మార్చి 8

గిసెలా నన్ను అక్కా అనడం మానేస్తే బావుండు.

మార్చి 16, ఆదివారం

ఉల్లికాడలు కాల్చుకు తినడానికి జట్టంతా మగీ తోటకి వెళ్ళాం. అందరి చేతులకీ మసి, గడ్డాల మీద సాస్. మాటల్లో పోయిన నవంబరు గోపురం వచ్చింది. పైన పసిపిల్ల చెయ్యెత్తింది, సన్నాయిలు మోగాయి, అంటే నిలబడినట్టే. దిగేటప్పుడు కూలింది. మా లెక్కలో అది సగం గోపురమే. ఎక్కినవాళ్ళంతా ఒకరి వీపు మీదుగా ఒకరు దిగితేనే పూర్తయినట్టు. ఆ రోజు ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు. తెక్లా గుంపు నెత్తిన పడి, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతోంది. దానికి అదే ఆఖరి గోపురం.

ఎవరో ఇంకో కట్ట ఉల్లికాడలు నా ముందు పెట్టారు. అప్పుడు తట్టింది. తెక్లా నా మీదికి ఎక్కింది కానీ దిగలేదు.

కట్ట పక్కకి నెట్టేశాను. ఇంటికొచ్చి రోలర్ మీద పడుకున్నాను. వీపు బాగానే వదిలింది. భుజాల దాకా వచ్చేసరికి ఆపేశాను.

ఏప్రిల్ 1, మంగళవారం

రోజూ దొర్లుతున్నాను. పిక్కలు, తొడలు, వీపు అన్నీ మెత్తబడ్డాయి. ఆ రెండు కాయలు మాత్రం అలాగే ఉన్నాయి. అసుంతా అడిగితే చేస్తున్నానమ్మా, చేస్తూనే ఉన్నానని కసురుకున్నాను.

నిజానికి ఇవాళ వీపు రోలర్‌కి ఆనించి పైకప్పు చూస్తూ ఉంటే, భుజాల మీద బరువు పడింది. పడుకున్నదాని భుజాల మీద ఎవరైనా ఎలా నుంచుంటారు. కానీ నుంచుంది. కుడివైపు బొటనవేలు రెండుసార్లు తట్టింది. సర్దుకున్నానే, ఇక కదలకు, అని చెప్పడానికి తెక్లా తట్టేది అలాగే. ఇద్దరం కాలర్లు కరిచి ఉంటాం కదా, నోటితో చెప్పడానికి ఉండదు.

భయం వేసిందా అంటే లేదు. కదలకుండా ఉన్నాను. నేల చల్లబడి వణుకు పుట్టేదాకా అలాగే ఉన్నాను.

ఏప్రిల్ 11, శుక్రవారం

గిసెలా పడింది.

ప్రాక్టీస్ కదా, వల ఉంది, ప్రాణానికేం కాలేదు. మణికట్టు బెణికింది. దానిపై అంతస్తు అమ్మాయి కూడా జారి వలలో పడింది. పసిపిల్ల అప్పటికింకా పైకి ఎక్కలేదు. ఎక్కి ఉంటే?

కాలు పట్టు దొరకలేదంది గిసెలా. నన్నొక్క మాట అనలేదు. అనుంటే బావుండేది.

ఏప్రిల్ 12, శనివారం, ఉదయం 6:10

నిద్ర లేదు. అసుంతా పొద్దున్నే రమ్మంది. రోలర్ కూడా తెమ్మంది.

అదే రోజు, మధ్యాహ్నం

నన్ను తన ఎదుట దొర్లమంది అసుంతా. మామూలుగా రోజూ చేసేటట్టే చెయ్యి అంది. చేశాను. తర్వాత చొక్కా తీయించి, వీపు వెనక అద్దం పెట్టి, చేతికి ఇంకో అద్దం ఇచ్చింది.

వీపంతా బుడిపెల అచ్చులు, ఎర్రగా. భుజాల పైన మాత్రం రెండుచోట్ల తెల్లగా ఉంది. ఒక్క బుడిపె కూడా తగల్లేదు. ఇటొకటి, అటొకటి. వేళ్ళ దగ్గర వెడల్పుగా, మడమ దగ్గర సన్నగా. నేనే చుట్టూ తిరిగి, ఆ రెండూ వదిలేస్తూ వచ్చాను. ఇన్నాళ్ళూ. నాకే తెలియకుండా అని రాయబోయాను. తెలుసు.

అసుంతా అద్దం దించి, చొక్కా అందించి, కాఫీ పెట్టింది. తాగాక అప్పుడంది. రెమెయ్, దీనికి నా దగ్గర మందు లేదు, రోలర్ ఉంది, దొర్లాల్సింది నువ్వు. నేను చెయ్యేస్తే ఆ కాయలు వదలవు, నువ్వు బిగబడతావు.

మే 6, మంగళవారం

మగీ చెప్పేశాడు. జులై చివరికల్లా భుజాలు దారికి రాకపోతే ఆగస్టు ఉత్సవంలో నా చోట వేరేవాళ్ళు. పైన ఉండేది ఆరేళ్ళ పిల్ల, అమ్మాయ్, దాని తల్లి నా మొహం చూస్తూ కింద నిలబడి ఉంటుంది, నేనేం చెప్పను అన్నాడు. కళ్ళు తుడుచుకుంటూనే చెప్పాడు. ముసలాడికి ఏడుపు తొందర. తెక్లాని జట్టులోకి తెచ్చింది ఆయనే.

కోపం రాలేదు. న్యాయమే.

గోపురం వదిలేస్తానంటే ఎవరూ ఏమీ అనరు. అప్పుడిక భుజాలు ఇలాగే ఉంచుకోవచ్చు. ఈ ఆలోచన వచ్చినందుకు సిగ్గేసింది. వచ్చింది మాత్రం నిజం.

మే 13

బస్సులో కుడి అద్దం సరిగ్గా చూడలేదు. సైకిల్ అబ్బాయికి వెంట్రుకవాసిలో తప్పింది. బూతులు తిట్టాడు. తిట్టించుకున్నాను.

జూన్ 22, ఆదివారం

అమ్మకి చెప్పేశాను.

వంటింట్లో టమాటా కోస్తోంది. ఉత్సవంలో నిన్ను తీసేస్తారటగా, నాకెందుకు చెప్పలేదు అని మొదలుపెట్టింది. ఊళ్ళో ఏదీ దాగదు. ఇక ఆపుకోలేక మొత్తం చెప్పాను. కాయలు, తెల్లమచ్చలు, బొటనవేలు తట్టడం, అన్నీ. పిచ్చిదానివా అంటుందనుకున్నాను. చేతులు కడుక్కుని వచ్చి నా వెనక నిలబడింది. రెండు అరచేతులూ నా భుజాల మీద పెట్టింది.

చాలాసేపు తీయలేదు.

ఇదన్నమాట నువ్వొక్కదానివే దాచుకున్నది, అంది. గొంతులో జాలి లేదు. రోషం ఉంది. శవపెట్టె మూసేముందు దాని కాళ్ళు ఒక్కసారి చూస్తానంటే వద్దన్నారు, చూడకపోవడమే మంచిదన్నారు, నేను నోరు మూసుకున్నాను, నాకు అరికాలు కూడా దక్కలేదు, నీకు రెండూ దొరికాయి, అంది. నేను ఏడ్చాను. అమ్మ ఏడవలేదు. వేళ్ళతో ఆ కాయల చుట్టూ తడుముతూనే ఉంది, కాలివేళ్ళ సందులు వెతుకుతున్నట్టు.

చివరికి అంది. ఎక్కిన పిల్ల దిగాలి కదే. పైన ఇంకో తల్లి కన్న పిల్ల ఉంటుంది. దించు దాన్ని.

జూన్ 29, ఆదివారం

ఒంటరిగా చెయ్యలేకపోతున్నాను. కాయ మీదికి రాగానే ఒళ్ళు దానంతటదే పక్కకి తప్పుకుంటోంది.

జులై 6, ఆదివారం

అమ్మ వచ్చింది. రోలర్ తనే తీసుకొచ్చి హాల్లో నేల మీద పెట్టింది. పడుకోమంది. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుంది.

ఎడమవైపు ముందు. బుడిపె కాయ మీద ఎక్కింది. కళ్ళు బైర్లు కమ్మాయి. పక్కకి జరగబోయాను. ఎక్కడికి పోతావ్, ఆగక్కడ, అంది అమ్మ. చిన్నప్పుడు ముల్లు తీసేటప్పుడు ఇదే గొంతు. ఊపిరి వదిలాను. కాయ లోపల ఏదో బిగబట్టుకుంది. వేళ్ళు ముడుచుకుని పట్టు బిగించినట్టు. తెక్లా భయపడినప్పుడు అలాగే పట్టేది, గాలి వీచినప్పుడు. భయపడకే అన్నాను, పైకే. అమ్మ నా చెయ్యి ఇంకా గట్టిగా నొక్కింది. ఎవరితో అన్నావని అడగలేదు.

చాలాసేపటికి ఒక వేలు వదిలింది. తర్వాత ఇంకోటి.

నేను ఎంత చెడ్డదాన్నని అనిపించిందో రాయలేను. కొండ అంచున వేలాడేవాళ్ళ వేళ్ళు విప్పుతున్నట్టుంది.

జులై 18, శుక్రవారం

గిసెలా ఎక్కింది, నిలబడింది. దిగాక వాటేసుకుంది. అక్కా అంది. ఊఁ అన్నాను.

కుడివైపు ఇంకా కాస్త ఉంది. ఆ కాస్తా గిసెలాకి అడ్డు రావట్లేదు. మగీ సరేనన్నాడు. కుడివైపు సంగతి అసుంతాకి చెప్పలేదు.

ఆగస్టు 24, ఆదివారం

అమ్మ మగీ దగ్గరికి వెళ్ళి గుంపులో తనకీ చోటు కావాలందట. డెబ్బై ఒక్కేళ్ళు. ఇన్నేళ్ళలో ఒక్కసారి గుంపులోకి రాలేదు, కూతుళ్ళు ఎక్కుతుంటే కళ్ళు మూసుకుని చర్చి గోడ పక్కన నిలబడేది. మగీ కాదనలేకపోయాడు. చిట్టచివరి వరసలో పెడతానన్నాడు. అక్కడ ముందువాళ్ళ వీపు మీద చేతులు ఆనించి నిలబడటమే. ఎవరి కాలూ అక్కడిదాకా రాదు.

ఆగస్టు 31, ఆదివారం

నిలబడింది. దిగింది. మొత్తం గోపురం.

వరసగా రాయలేను. అసుంతా నా నడికట్టు చివర పట్టుకుంది, నేను తిరుగుతూ ఆవిడ దగ్గరిదాకా గుడ్డని నడుముకి చుట్టుకున్నాను. కూడలి అంతా నీలం చొక్కాలు. సన్నాయిలు. కాలర్ కరిచాను. గిసెలా పాదాలు కుదురుగా ఆనాయి. పైన ఏం జరుగుతోందో నాకు కనపడదు, బరువు బట్టి తెలుస్తుంది. పెరిగింది, పెరిగింది, పిల్ల చెయ్యెత్తింది, జనం హోరు. ఇక దిగడం. బరువు ఒక్కొక్కటే తగ్గుతోంది. ఇక్కడే కూలింది నవంబరులో. కాలర్ ఇంకా గట్టిగా కరిచాను.

గిసెలా దిగింది. తన మడమ నా నడికట్టు మీద ఆని, ఎడమవైపు గుంపులోకి జారింది.

తర్వాత కుడివైపు ఇంకొకరు దిగారు. తొందర లేకుండా. బరువే లేకుండా. నడికట్టు మడతలో కాలు పెట్టింది, తెలిసింది. నేను తల తిప్పలేదు. గోపురంలో తల తిప్పకూడదు.

నేను కిందికి వచ్చేసరికి అందరూ ఏడుస్తున్నారు, అరుస్తున్నారు. అమ్మ చివరి వరసలో అలాగే నిలబడి ఉంది. చేతులు ముందువాడి వీపు మీద నుంచి తీయలేదు. అయిపోయిందమ్మా అంటే అప్పుడు తీసింది.

సెప్టెంబరు 2, మంగళవారం

రోలర్ మీద పడుకున్నాను. ఎడమ, కుడి, రెండూ మెత్తగా ఉన్నాయి. ఏమీ తగల్లేదు. లేచి రెండోసారి చూశాను. ఏమీ లేదు.

బస్సులో అద్దం హాయిగా చూడగలుగుతున్నాను. భుజాలు ఎంత తేలిగ్గా ఉన్నాయంటే భరించలేకపోతున్నాను.

సెప్టెంబరు 5, శుక్రవారం

అమ్మ దగ్గరికి వెళ్ళాను. మెడ బిగబట్టుకుని నడుస్తోంది. ఏమైందంటే ఆదివారం నుంచి భుజాలు నొప్పంది. ఎక్కడంటే చూపించింది. ఇటొకటి, అటొకటి.

రోలర్ తేనా అన్నాను.

వద్దులే, ఉండనీ అంది.