ఓదెలు కాక ఫొటో

యూనివర్సిటీ హాస్టల్,
హైదరాబాద్.

బాపుకు,

నీ బిడ్డ రజిత దండాలు. నీ మోకాలి నొప్పి ఎట్లా ఉంది? అవ్వ షుగర్ గోలీలు రోజూ వేసుకుంటోందా, బాగానే ఉన్నానని మానేసిందా? నేను బాగానే ఉన్నాను. ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని అనుకోకు. అవ్వ స్పీకర్ పెట్టనిదే మాట్లాడదు. మన క్వార్టర్ గోడలు ఎంత పలచనో నీకు తెలుసు. పక్కింట్లో చిన్నమ్మ చెవిన పడకూడని మాటలున్నాయి. చదివి నీ దగ్గరే ఉంచుకో.

ఇక్కడ వాన విడవడం లేదు. బట్టలు ఆరక గదంతా ముక్కిపోయిన వాసన. మెస్‌లో పప్పు పేరుతో పోసేది పసుపు నీళ్లే. అయినా కడుపు నిండా తింటున్నాను, ఫికర్ పెట్టుకోకు. వీలైతే అవ్వతో కొట్టించి కొంచెం కారంపొడి పంపించు. జర్నలిజం రెండో ఏడాది వాళ్లను మధ్యాహ్నం పూట పేపర్ ఆఫీసుకు పంపుతున్నారు. జిల్లాల విలేకరులు పంపే వార్తలు సరిదిద్ది శీర్షిక పెట్టడం నా పని. గదిలో ఇరవై మంది ఉన్నా మనసు విప్పి మాట్లాడే మనిషి ఒక్కరూ లేరు.

ఆ రోజు నేను వెళ్లి కూర్చోగానే మన బొగ్గుబాయి వార్త వచ్చింది. పైకప్పు కూలి ఒక కార్మికుడు చనిపోయాడని ఉంది. పేరు కోసం కిందిదాకా వెతికాను. ఆ వారం నీదీ మొదటి షిఫ్టే కదా. ఓదెలు కాక పేరు కనబడగానే హమ్మయ్య అనుకున్నాను. చిన్నప్పుడు నన్ను సైకిల్ మీద బడికి దింపిన మనిషి చచ్చిపోయాడని చదివి హమ్మయ్య అనుకున్నాను, బాపు. ఈ మాట నీకు తప్ప ఎవరికీ చెప్పలేను.

నా ముఖం చూసి డెస్క్ ఇన్‌చార్జి సార్ తెలిసినవాళ్లా అని అడిగాడు. పక్కింటివాళ్లని చెప్పాను.

“అయితే వెంటనే ఫోన్ చేసి ఫొటో తెప్పించమ్మా. ఏడుపులు మొదలైతే ఎవరూ వెతికి ఇవ్వరు” అన్నాడు.

మా పనిలో పద్ధతే అంత. నేను ఫోన్ చేశాను. అవ్వ ఎప్పటిలాగే ఎత్తింది.

“గీ యాళ్ల చేసినవేందే? గిదో, చిన్నమ్మ గీడనే ఉన్నది. అనపకాయలు ఒలుస్తున్నం.”

బాయి గేటు దగ్గరి నుంచి కబురు ఇంకా కాలనీకి రాలేదని అప్పుడు అర్థమైంది. ఇంతలో చిన్నమ్మ ఫోన్ తీసుకుంది.

“తిన్నవా బిడ్డా? బక్కపడ్డవని మీ అవ్వ ఒకటే రంది. మీ కాక షిఫ్టు దిగంగనె చేపలు తెస్తనన్నడు. నువ్వుంటే మంచిగుండు.”

ఫొటో అన్న మాట నోట్లోంచి రాలేదు. ఏదో ఒకటి అడగాలి కాబట్టి, “కాక పొద్దుగాల తిని పోయిండా?” అన్నాను. ఆమె అనపకాయల గిన్నె కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

“తిన్నడు బిడ్డా. తొక్కు మంచిగున్నదని ఇంకో మక్కరొట్టె అడిగి తిన్నడు” అంది. ఆ తర్వాత కూడా చాలాసేపు మాట్లాడింది. ఇంటి వెనక చిక్కుడు తీగ గురించీ మీ యూనియన్ గొడవల గురించీ చెబుతూనే ఉంది. నేను ఊ కొడుతూ విన్నాను. ఫోన్ పెట్టేసి వార్త రాశాను. చివర ‘మృతునికి భార్య ఉన్నారు’ అని రాయడం మా అలవాటు. అదీ రాశాను. ఫొటో దొరకలేదని చెబితే, పక్కింటాయన ఫొటో తేలేనిదానివి రేపు ఏం రిపోర్టింగ్ చేస్తావని సార్ విసుక్కున్నాడు.

పోయిన వారం అవ్వ అంగడికి పోయి అక్కడి నుంచి ఫోన్ చేసింది. చిన్నమ్మ ఆమెతో అన్నదట: “పిల్ల ఎన్నడు అడగని మాట అడిగిందక్కా. గప్పుడే నా పానం జల్లుమన్నది. ఫోన్ పెట్టబుద్ధి కాలే. మాట్లాడినంత సేపు ఆయన బాయిల బతికే ఉన్నట్టు అనిపిచ్చింది.”



మర్నాడు నేను అడగకుండానే చిన్నమ్మ నాకు వాట్సాప్‌లో కాక ఫొటో పంపింది. ఎవరి పెళ్లిలోనో తీసింది. కాక కొత్త చొక్కాలో బిగుసుకుపోయి నిలబడ్డాడు. కింద వాయిస్ మెసేజ్‌లో ఆమె గొంతు: “గిది మంచిగున్నది బిడ్డా. పేపర్ల ఎయ్యమని మీ సారుకు చెప్పు.” తీసుకెళ్లి చూపించాను. సార్ కోప్పడలేదు, మెల్లగానే చెప్పాడు. “పాత వార్త అయిపోయిందమ్మా. అప్పుడైతే వేసేవాళ్లం.”

చిన్నమ్మకు చదవడం రాదు కదా. రోజూ పొద్దున చాయ్ హోటల్‌కు పోయి పేపర్లో బొమ్మలన్నీ చూసి వస్తోందని అవ్వ చెప్పింది. బాపు, ఆ ఫొటో రాదని మీరెవరూ ఆమెకు చెప్పకండి. వస్తుందని కూడా చెప్పకండి. శనివారం రైలుకు వస్తున్నాను. ఈసారి ఆమె ఎదురుగా కూర్చుని నేనే చెబుతాను.

అవ్వకు, బాపమ్మకు నా దండాలు. వచ్చేదాకా నాకు ధైర్యం ఉండేలా దీవించు.

నీ బిడ్డ,
రజిత